సర్దార్ కాక చెవి

సర్దార్ కాక చనిపోయిన సంగతి నాకు క్యాంటీన్ దగ్గర తెలిసింది. నస్పూర్‌లో ఇల్లు అమ్ముకుని చొప్పదండిలో బిడ్డ దగ్గర ఉంటున్నాడు కదా, అక్కడే జ్వరం వచ్చి, ఊపిరాడక పోయాడట. మట్టి కూడా అయిపోయిందట. చెప్పినాయన చాయ్ ఊదుకుంటూ చెప్పాడు, తాగాడు, పోయాడు. నేను ల్యాంపు రూముకు తిరిగొచ్చి ఆ పూటంతా ఒక్క పనీ సక్రమంగా చేయలేకపోయాను. ఒకరి లైటు ఇంకొకరికి ఇచ్చి తిట్లు తిన్నాను. తిట్టినవాళ్లలో సగం మంది కాక చేతి కింద పని చేసినవాళ్లే. వాళ్లకు చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, గనిలోకి దిగబోయే మనిషికి చావు కబురు చెప్పడం మా దగ్గర లేదు. ఎక్కి వచ్చేదాకా మింగి కూర్చోవాల్సిందే.

మా దిక్కు బొగ్గుగనిని బాయి అంటారు. బాపును డాక్టర్లు అన్‌ఫిట్ అంటే, ఆయన నౌకరి కూతురినని నాకు వచ్చింది. ఆడదాన్నని పైనే, ల్యాంపు రూములో వేశారు. దిగేవాళ్లు తమ నంబరు బిళ్ల ఇచ్చి టోపీ లైటు తీసుకుంటారు. ఎక్కి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకుంటారు. లైట్లన్నీ వస్తే మనుషులందరూ వచ్చినట్టు. ఒక్క లైటు ఆలస్యమైనా వాకిలి దాకా పోయి చూసి వస్తాను. అసలే నాది అనుమానపు ప్రాణం. పొయ్యి ఆర్పానా లేదా అని సగం తొవ్వ నుంచి ఇంటికి తిరిగిపోయే రకాన్ని. అలాంటిదానికి దేవుడు ఏరికోరి ఈ కొలువిచ్చాడు. అదీ చాలలేదేమో, నా మొగుడిని అదే బాయిలో సపోర్టు పనికి పెట్టాడు. అంటే కింద పైకప్పు కూలకుండా ఊతాలు నిలబెట్టే పని.

మా ఆయన గ్యాంగుకు కాక సర్దార్. నాకు చుట్టమేం కాదు, బాయి మీద పెద్దవాళ్లందరూ మాకు కాకలే. సర్దార్ అంటే ఏదో అధికారం అనుకునేరు. పొద్దున అందరికంటే ముందు పని జాగకు పోయి, నెత్తి మీది బండను కర్రతో తట్టి, చెవి పెట్టి వినాలి. ఖంగున మోగితే మంచి బండ. బోలు చప్పుడు వస్తే లోపల పొర విడిందని అర్థం. కాక తట్టి "రాండ్రి" అంటేనే గ్యాంగు లోపలికి పోతుంది. మా ఆయన ప్రాణం ఆయన కర్ర కింద, ఆయన చెవిలో ఉండేదంటే అబద్ధం కాదు.

ఆయన తట్టడం నేను కింద ఎన్నడూ చూడలేదు, మా ఆయన ఇంట్లో చేసి చూపించేవాడు. ఎడమ చెవి పైకి తిప్పి, పప్పులో ఉప్పు సరిపోయిందా అని చూసేవాడిలా నోరు కొంచెం తెరిచి, కళ్లు మూసుకుని. పైన మాత్రం కాక తట్టని వస్తువు నాకు కనబడలేదు. గోడ తట్టేవాడు, తలుపు తట్టేవాడు, పుచ్చకాయల బండి దగ్గర ఆగితే బండివాడు దండం పెట్టేవాడు. మా గృహప్రవేశానికి వచ్చి గోడలన్నీ తట్టుకుంటూ పోయి, వంటింట్లో ఒక మూల ఆగాడు. "మేస్త్రి గీడ మోసం జేసిండు బిడ్డా, లోపల బోలుంది" అన్నాడు. వచ్చిన వానకాలమే ఆ మూల ఉబ్బి ఊడింది. ఎండాకాలం వస్తే కాలనీలో ఎవరు మంచినీళ్ల మట్టి రంజన్ కొన్నా కాకను వెంట తీసుకుపోవాల్సిందే. రంజన్ తడితే పగులు తెలిసిపోతుంది ఆయనకు.

గ్యాంగుకు ఆయన నేర్పింది ఒకటే మాట. "తట్టినంక మనసుల అనుమానం వచ్చిందా, ఇగ ఆలోచించకు. బయటికి నడువు." ఆ మాట మా ఆయన నిద్రలో కూడా పలికేవాడు. నాకు ఆ మాట వింటే అన్నం అరిగేది.

కాకది మెథడిస్టు కుటుంబం. బాయి మూతి దగ్గర మైసమ్మకు మొక్కినవాళ్లు కూడా కాక టోపీ తీసి ప్రార్థన ముగించేదాకా ఆగేవారు. ఆయన బాపు చర్చి సంఘంలో పెద్ద. ఇంట్లో కల్లు, సారా, పత్తాలు, అంటే పేకముక్కలు, మూడూ నిషేధం. దీపావళి రోజు కాలనీ అంతా అరుగుల మీద పత్తాలేసుకుని కూర్చుంటే, కాక తల తిప్పుకుని పోయేవాడు. "పుట్టినకాన్నుంచి పత్తా చేతితో ముట్టలే" అని గొప్పగా చెప్పుకునేవాడు. అబద్ధం కూడా కాదు. చచ్చేదాకా ముట్టలేదు.

పైసలు పెట్టి ఆడే పత్తాల ఆట ఆయన ఫోన్లోకి ఎలా వచ్చిందో ఆయనకే సరిగా తెలియదు. పాట చూస్తుంటే మధ్యలో వచ్చిందట. మన రాష్ట్రంలో ఆడనియ్యరు కాబట్టి, ఫోన్ల షాపు పిల్లగాడు వేరే దేశం నుంచి ఆడుతున్నట్టు కనబడేది ఏదో ఎక్కించాడట. "పొద్దుగాల నస్పూర్‌ల ఉంటవు, మాపటీలి ఏ దేశంల ఉంటవు కాకా?" అని నేను ఎగతాళి చేశాను. "ఏ దేశమైతేంది, చెవి నాదే గదా" అన్నాడు. అప్పుడా మాట నాకు పట్టలేదు.

మొదటి షిఫ్టు అయ్యాక, మధ్యాహ్నం, ల్యాంపు రూము బయటి బెంచీ మీద ఆడేవాడు. ఆడే ముందు ఆ తయారీ చూడాలి. స్నానం చేసి, మొహానికి పౌడరు రాసి, అంగీ గుండీలు మెడదాకా పెట్టుకుని, దువ్వుకుని, అప్పుడు హెల్మెటుకు ఆనించి ఫోన్ నిలబెట్టేవాడు. పెళ్లిచూపులకు కూర్చున్నట్టే ఉండేది.

"గీ సోకు ఎవలకోసం కాకా?" అని అడిగాను.

"ఆడిపిల్ల చూస్తది బిడ్డా. బనీను మీద కూసుంటమా?"

తెరలో ఎక్కడో విదేశంలో ఒక పిల్ల బల్ల వెనక నిలబడి పత్తాలు పంచుతోంది. మనం ఆమెను చూస్తాం, ఆమెకు మనం కనబడమని మా ఆయన ఎంత చెప్పినా కాక నమ్మలేదు. "నన్ను చూసే గుడ్ లక్ అన్నది, నీకన్నదా?" అని దబాయించాడు.

"పత్తా ముట్టనంటివి, మరి గిదేంది?" అన్నాను.

"ముట్టిన్నా? మంచిగ చూడు. పత్తాలన్నీ గా పిల్ల చేతులనే ఉన్నయి. ఇంకోటి ఎయ్యమంటే ఏస్తది, ఆగమంటే ఆగుతది. నేను నోటితోని చెప్పుడే."

నోటితో కూడా కాదు, వేలితో. ఇంకో పత్తా కావాలంటే బెంచీ మీద రెండుసార్లు వేలితో తట్టేవాడు, చాలంటే అరచేయి అడ్డంగా ఊపేవాడు. ఆ తర్వాతే తెర మీద నొక్కేవాడు. పెద్ద పెద్ద ఆటగాళ్లు అలాగే చేస్తారని ఎక్కడో చూశాడట. ఆట మాకు ఇలా చెప్పాడు. పత్తాల లెక్క ఇరవై ఒకటికి దగ్గరగా పోవాలి, దాటొద్దు. దాటితే చచ్చినట్టు. భయపడి ముందే ఆగితే, పంచే పిల్లకు మనకంటే ఎక్కువ వస్తే కూడా చచ్చినట్టే.

"మరి ఎప్పుడు ఆగాలెనో ఎట్ల తెలుస్తది?" అని మా ఆయన అడిగాడు.

కాక చెవిలోంచి వైరు తీసి మా ఆయన చెవిలో పెట్టాడు. "ఇను. డబ్బాల నుంచి పత్తా గుంజుతది సూడు, గా చప్పుడిను. పెద్ద పత్తా వచ్చేముందల చప్పుడు వేరే ఉంటది. బరువుగ. పదహారు మీద పడ్డప్పుడు అందరు పరేషాన్ అయితరు. నాకేం ఫికర్ లేదు, నాకు ఇనవడ్తది."

మా ఆయన విని, "నాకేం ఇనవడ్తలేదు" అన్నాడు.

"నీకెట్ల ఇనవడ్తదిరా, బండ చప్పుడే నీకు ఇనవడది."

ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అట్ట ముక్క చప్పుడులో అంకె వినబడుతుందని ఒక మనిషి నమ్ముతున్నాడు. ఆ మనిషి చెవి మీదే నా మొగుడు రోజూ బండ కిందికి పోతున్నాడు. మొదట్లో కొన్ని ఆటలు గెలిచాడు కూడా, అదే కొంప ముంచింది. ఓడి ఉంటే దిద్దుకునేవాడే.

తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటే మారింది. దిగేముందు ఫోన్లన్నీ మా దగ్గర పెట్టి పోవాలి, నిప్పురవ్వ భయానికి కింద ఫోన్ నడవదు. కాక ఫోన్‌ను దస్తీలో చుట్టి, "జర పైలం బిడ్డా" అని నా చేతికే ఇచ్చేవాడు. ఎక్కి వచ్చాక లైటు ఇచ్చి, బిళ్ల తీసుకుని, కుశలం అడిగి, ఆఖరున ఫోన్ అడిగేవాడు. కొన్నాళ్లకు కుశలం పోయింది. ఆ తర్వాత లైటు ఇంకా నెత్తి మీద వెలుగుతుండగానే ఫోన్ కోసం చేయి చాపడం మొదలుపెట్టాడు. ఆయన లేనప్పుడు ఆ ఫోన్ రేకు అరలో బుర్రుమని వణికేది. రా, ఆడు, నీ బోనస్ ఎదురుచూస్తోంది అని పిలుపులు. షిఫ్టంతా నేను ఆ వణుకుడు వింటూ కూర్చునేదాన్ని.

"ప్రార్థన కురచైంది" అని మా ఆయన ఒకరోజు అన్నం తింటూ అన్నాడు. "ఆమెన్ అనంగనే ఉరుకుతుండు."

"తట్టుడు మంచిగ తడ్తుండా?"

"తడ్తుండు."

"మంచిగనా?"

"ఏందే నీ లొల్లి. ముద్ద దిగనియ్యవా?"

వేరే షిఫ్టుకు మారమని కొట్లాడాను. ఒప్పుకోలేదు. "కాక చెవి నాకు తెలుసు, నువ్వు బాయిలకు దిగినవా?" అన్నాడు. నిజమే, నేను దిగలేదు. దిగనివాళ్ల భయానికి మందు లేదు.

ఆ నెలలోనే కాక భార్య ల్యాంపు రూముకు వచ్చింది. నేను చిన్నమ్మా అని పిలిచే మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. హుజూరాబాద్ దగ్గర కొన్న జాగ అమ్మేశాడని, పాస్టరు వచ్చి కూర్చోబెట్టి చెబితే తలూపాడని, ఆ పాస్టరు గేటు దాటకముందే చెవిలో వైరు పెట్టాడని చెప్పింది. "ఫోన్ నీ దగ్గరనే ఉంటది గదా బిడ్డా, పోయిందని చెప్పరాదు?" అని నా చేయి పట్టుకుంది. ఇంకొకటి కొనుక్కుంటాడు చిన్నమ్మా అన్నాను. "కొనుక్కుంటడు" అని తనే ఒప్పుకుని, కొంగుతో మూతి తుడుచుకుని పోయింది.

ఎండలు ముదిరాయి. ల్యాంపు రూముకు కొత్త రంజన్ కావాలి. నేను కావాలనే కాకను వెంట తీసుకుపోయాను. దానిలో నాకొక లోపలి లెక్క ఉంది, మా ఆయనకు కూడా చెప్పలేదు. అంగట్లో వరుసగా పెట్టిన రంజన్ల మధ్య కాక వంగి ఒక్కొక్కటి తట్టాడు. మెడ చుట్టూ వైర్లు వేలాడుతున్నాయి. ఎడమ చెవి తిప్పాడు, నోరు తెరిచాడు, కళ్లు మూశాడు. అంతా ఎప్పటిలాగే ఉంది. "గిది తీస్కో, గుడి గంట లెక్కుంది" అన్నాడు. నేను దేవుళ్లందరికీ మొక్కుకుంటూ దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

తెల్లారి రూము తాళం తీసేసరికి నేలంతా తడి. రంజన్ అడుగున వెంట్రుక వాసి పగులు, నీళ్లు సగానికి దిగాయి. గుడ్డ తెచ్చి తుడవాలని కూడా తోచలేదు. అప్పటికే షిఫ్టు వాళ్లు కిటికీ దగ్గర వరుస కట్టారు. వరుసలో మా ఆయన ఉన్నాడు. ఆఖరున కాక, కళ్లు ఎర్రగా, నిలబడే ఆడుతున్నాడు. షిఫ్టు సైరన్ కూసింది. ఆయన తల ఎత్తలేదు.

"కాకా, ఫోన్ ఇయ్యి" అన్నాను.

"జర ఆగు. పదహారు మీదున్న. మొత్తం పెట్టిన."

"కూత అయిపోయింది. ఇయ్యి."

తెర మీద ఏం నొక్కాడో, నొక్కలేదో, నాకు తెలియదు. ఫోన్ నా చేతిలో పెట్టాడు. దస్తీ కూడా చుట్టలేదు. ఆయన చూపు దాని మీదే ఉంది. అప్పుడు నేను ఆయనకే వినబడేటట్టు చెప్పాను. "కాకా, నువ్వు తట్టిన రంజన్ పగిలింది. గిటు చూడు, నీళ్లు." కిటికీలోంచి వంగి నేల చూశాడు. ఒక్క క్షణం మొహంలో రక్తం లేదు. తర్వాత నవ్వాడు. "ఆటోల తగిలి ఉంటది బిడ్డా" అన్నాడు. "ఒళ్లె పెట్టుకుని తెచ్చిన" అన్నాను. "మా ఆయన నీ ఎనుకనే దిగుతుండు కాకా. ఇగ నీ దయ." కాక లైటు తగిలించుకుని నడిచాడు. ఆ రోజు ప్రార్థన చేశాడో లేదో నేను చూడలేదు, నా కళ్లు మసకబారాయి.

ఆ షిఫ్టు ఎలా గడిచిందో నాకే తెలుసు. లైట్ల అర వైపు చూడ్డం, వాకిలి వైపు చూడ్డం. ఒక్కసారి లేచి మేనేజరు ఆఫీసు దాకా పోయాను. ఏమని చెప్పాలి? రంజన్ కారింది, పని ఆపండి అనా? గుమ్మంలో ఎవరో ఏంటమ్మా అని అడిగితే ఏం లేదని వచ్చేశాను. మళ్లీ లేచాను. ఈసారి చెప్పే తీరుతానని చెప్పులేసుకున్నాను.

అప్పుడే వాకిట్లో బూట్ల చప్పుడు. షిఫ్టు సగం కూడా కాలేదు. మా ఆయన గ్యాంగు మొత్తం ఎక్కి వస్తోంది. షిఫ్టు మధ్యలో మనుషులు పైకి వస్తే బాయి మీద ఎవరికైనా ఒకటే ఆలోచన. నేను మొహాలు వెతికాను. మసి మొహాల్లో మా ఆయనను పట్టుకునేసరికి నా గొంతులోంచి ఏదో అరుపు వచ్చిందట, తర్వాత చెప్పారు.

"ఏమైంది? బండ పడ్డదా?"

"ఏం పడలే" అన్నాడు మా ఆయన చిరాగ్గా. "బండ మంచిగనే ఉన్నది. కాక తట్టిండు, మల్ల తట్టిండు, గంతే, అందర్ని ఎనుకకు మర్లగొట్టిండు. పొద్దు పాడైంది."

అండర్ మేనేజరు ఉరికొచ్చాడు. వేరే సర్దార్‌ను దింపి తట్టించారు. బండ గట్టిగా ఉందని అతను కింద ఉండే గని ఫోన్లో చెప్పాడు. అందరి ముందు అండర్ మేనేజరు కాకను నిలదీశాడు, ఉత్త పుణ్యానికి పని ఎందుకు ఆపావని.

కాక కర్ర బల్ల మీద పెట్టాడు. "బండ మంచిదే కావచ్చు సార్" అన్నాడు. "నాకు ఇనవడలే. ఎంత తట్టినా చెవుల పత్తాల చప్పుడే వస్తుంది. ఇనవడనోడు రాండ్రి అనొద్దు. నన్ను గీ పనిల నుంచి తీసేయుండ్రి."

గ్యాంగులో ఎవరో కిసుక్కున నవ్వారు. అండర్ మేనేజరు ఏదో అనబోయి ఆగాడు. సర్దార్ అయినవాడు తన చెవి పోయిందని తన నోటితో చెప్పడం మా బాయి మీద ఎవరూ వినలేదు. రిటైరు కావడానికి ఇంకెంతో లేదు, నోరు మూసుకుని రాండ్రి అన్నా ఆ రోజు ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. బండ గట్టిదే. అది ఆయనకు తెలియదు కదా. తెలియకపోవడం ఒప్పుకున్నాడు. నాకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. ఆడవాళ్లు అందరి ముందు ఏడవకూడదని ఎవరు పెట్టారో గానీ, నేను ఏడ్చాను.

లైట్లు ఒక్కొక్కటే నా చేతికి వచ్చాయి. మా ఆయన లైటు వెచ్చగా ఉంది, కావాలనే కాసేపు పట్టుకున్నాను. ఆఖరున కాక వచ్చాడు. లైటు ఇచ్చాడు, బిళ్ల తీసుకున్నాడు. "నీ రంజన్ పైసలు నేనిస్త బిడ్డా" అన్నాడు. పాత కాకే అనుకున్నాను. ఈ మనిషి బయటపడ్డాడు అని నా లోపల దీపం వెలిగింది.

అప్పుడు చేయి చాపాడు. "ఫోన్ ఇయ్యి."

"ఇయ్యాలటికి ఉండనియ్యి కాకా."

"ఇయ్యి బిడ్డా. ఏమైందో చూడాలె."

ఇచ్చాను. ఆయన వస్తువు, ఇవ్వక తప్పదు. స్నానం చేయలేదు, దువ్వుకోలేదు. ఒంటి మీద మసి బనీనుతో బెంచీ మీద కూర్చుని తెర వెలిగించాడు. మసి మొహంలో ఏం కనబడుతుంది? ఏమీ కనబడలేదు. కాసేపటికి జేబులోంచి వైరు తీసి చెవిలో పెట్టుకున్నాడు. వేలితో బెంచీ మీద రెండుసార్లు తట్టాడు.

మా ఆయన కోపం అప్పటికి దిగింది. గ్యాంగును వెంటేసుకుని వచ్చి, "కాకా, చాయ్ తాగుదాం పా" అన్నాడు.

కాక తల ఎత్తలేదు. "మీరు నడువుండ్రి" అన్నాడు. "నేనొస్త."

క్యాంటీన్‌లో ఆయనకూ కలిపి చాయ్ చెప్పారు. చాలాసేపు చూశారు. ఆ చాయ్ చల్లారిపోతుంటే చివరికి మా ఆయనే తాగాడు.